సెలవు రోజు లెక్కలో ఏది మేలు: టస్కనీ ఆలివ్ తోటా, ఫురానో కూరగాయల పొలమా?

విదేశంలో ఒక రైతు ఇంట ఉండి, రోజుకు ఐదారు గంటలు పొలం పని చేసి, అందుకు కూలి కాక తిండీ వసతీ పొందే పద్ధతికి 1971లో ఇంగ్లండులో బీజం పడింది. లండన్‌లో సెక్రెటరీగా పనిచేస్తున్న స్యూ కోపర్డ్ పల్లెగాలికి మొహం వాచి, ససెక్స్‌లోని ఎమర్సన్ కళాశాల పొలంలో ఒక వారాంతం పని చేయడానికి ఏర్పాటు చేసుకున్నారు. ఆ వారాంతపు ఏర్పాటే పెరిగి పెద్దదై ఇవాళ ‘వూఫ్’ అనే పేరుతో అనేక దేశాలకు పాకింది. ఆనాడు పట్నవాసులు శని ఆదివారాలు గడపడానికి పొలానికి వెళ్లేవారు; ఈనాడు అలా చేరినవారు వారమంతా పొలంలో ఉండి, సెలవు దొరికిన రోజున పట్నానికి పరుగెత్తుతున్నారు.

మనవాళ్లలో ఈ ఆలోచన ఉన్నవారు ముందుగా దేశాన్ని ఎంచుకుంటారు, తరువాత పంటను, చివరికి రైతును. నా అనుభవంలో ఈ వరుస తలకిందులు. రోజు ఎలా గడుస్తుందో పంట తేలుస్తుంది. సెలవు రోజు ఎలా గడుస్తుందో పొలం గేటు నుంచి మొదటి బస్సు స్టాపుకున్న దూరం తేలుస్తుంది. నేను ఒక ఏడాది అక్టోబరు చివర మూడు వారాలు ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, ఫ్లోరెన్స్, సియెనా నగరాల నడుమ కియాంటీ కొండల్లోని ఒక ఆలివ్ తోటలోను, ఆ మరుసటి ఏడాది జూన్, జూలై నెలల్లో ఆరు వారాలు జపాన్ ఉత్తర దీవి హొక్కయిదోలో, ఫురానో లోయలోని ఒక కూరగాయల పొలంలోను ఉన్నాను. పోలిక ఆ రెండింటి మధ్యనే.

టస్కనీలో పని తీరుబడిగా మొదలవుతుంది. ఆకుల మీది మంచు తడి ఆరేదాకా చెట్టును తాకరు కనుక ఎనిమిదిన్నరకు గాని తోటలోకి వెళ్లేవాళ్లం కాదు. చెట్టు కింద వల పరిచి, పిల్లలు ఇసుకలో ఆడుకునే దువ్వెన లాంటి ప్లాస్టిక్ పనిముట్టుతో కొమ్మలను పైనుంచి కిందికి దువ్వుతూ పోతే కాయలు చిటపటమని వలలో రాలతాయి. చాలా చెట్లకు ఒకే మాను కాక, ఒకే మొదలు నుంచి రెండు మూడు మానులు లేచి ఉండడం చూసి అది వారి పెంపకపు పద్ధతి అనుకున్నాను. అసలు కారణం 1985 జనవరిలో వచ్చిన ఘోరమైన చలి. అప్పుడు టస్కనీ ఆలివ్ చెట్లలో అత్యధిక భాగం మాడిపోగా, రైతులు వాటిని నేలమట్టంగా నరికేశారు. వేరు చావలేదు కనుక పిలకలు లేచి ఇవాళ్టి చెట్లయ్యాయి. ఆ ఇంటి పెద్దావిడ ఒక మొద్దు మీద కూర్చుని, తన వేళ్లతోనే ఆ సంవత్సరపు చెట్టెలా ఉండేదో చూపించింది.

కోసిన కాయను గానుగకు చేర్చడంలో మాత్రం తీరుబడి ఉండదు. గుట్టపోసిన కాయ వేడెక్కి పులిస్తే నూనెలో ఆమ్లం పెరుగుతుంది. అన్నిటికన్నా మేలురకమైన ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ నూనె అనిపించుకోవాలంటే ఆమ్లం 0.8 శాతం దాటకూడదు కనుక, శ్రద్ధ గల రైతు 24 గంటల లోపే ఆడిస్తాడు. గానుగలో మన వంతు రాత్రి పదకొండుకు వస్తే రాత్రి పదకొండుకే వెళ్లాలి. వంద కిలోల కాయకు సుమారు 10 నుంచి 15 కిలోల నూనె దిగుతుంది. గొట్టం నుంచి పచ్చగా, చిక్కగా జారే ఆ నూనెను కాల్చిన రొట్టె మీద పోసి, వెల్లుల్లి రుద్ది చేతిలో పెట్టారు. మొదటి ముద్దకే గొంతులో మిరియం తగిలినట్టు దగ్గు వచ్చింది. అందరూ నవ్వి, దగ్గు వస్తేనే మంచి నూనె అన్నారు. రొట్టెలో ఉప్పు మరిచిపోయారేమోనని నేను సందేహించాను గాని, టస్కనీ రొట్టెలో ఉప్పు వేయకపోవడమే ఆనవాయితీ.

ఫురానోలో దినచర్య దీనికి పూర్తిగా విరుద్ధం. జూన్ నెలలో అక్కడ తెల్లవారుజామున నాలుగింటికే సూర్యోదయం అవుతుంది. నాలుగున్నరకల్లా ఆస్పరాగస్ సాళ్లలో వంగి ఉండేవాళ్లం. మన పల్లెల్లో వైద్యానికి వాడే పిల్లిపీచర ఈ మొక్కకు దగ్గరి చుట్టమే. అయితే మనవాళ్లు దుంప తవ్వుతారు, వారు మట్టిని చీల్చుకుని వచ్చే మొలకను కోస్తారు. వెచ్చని రోజున ఆ మొలక సాయంత్రానికి నాలుగు వేళ్ల మేర పెరుగుతుంది. ఒక రోజు వదిలేస్తే తల విచ్చుకుని అమ్మకానికి పనికిరాకుండా పోతుంది. కాబట్టి వాన వచ్చినా, ఒళ్లు నొప్పులున్నా, ఇంట్లో పెళ్లైనా కోత ఆగదు. ఎనిమిదింటికి ఇంటికి వచ్చి అన్నం, మిసో సూప్, ఊరగాయ తిని, ఆ తరువాత మొలకలను పొడవు, లావు చూసి వేరు చేసి కట్టలు కట్టడం. పది గంటలకు, మూడు గంటలకు టీ విరామం ఎంత ఖచ్చితంగా వస్తుందంటే గడియారం అక్కరలేదు. జూలైలో పని కర్బూజ గుడారాల్లోకి మారింది. తీగకు రెండు మూడు పిందెలే ఉంచి మిగిలినవి తుంచేయాలంటే మొదట నాకు చెయ్యి రాలేదు.

సాయంత్రపు స్నానం గురించి ఒక మాట చెప్పక తప్పదు. తొట్టిలోని వేడి నీళ్లు ఇంటిల్లిపాదికీ ఒకటే. బయట కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాకే అందులో దిగాలి, దిగి ఊరక కూర్చోవాలి, నీళ్లు వదిలేయకూడదు. మొదటి రాత్రి నేను అలవాటు కొద్దీ తొట్టి ఖాళీ చేసి వచ్చాను. ఎవరూ ఏమీ అనలేదు. మళ్లీ నీళ్లు కాగేదాకా అరగంట పాటు అందరూ తువ్వాళ్లు భుజాన వేసుకుని టీవీ చూస్తూ కూర్చున్నారు. కోప్పడి ఉంటే బాగుండేది.

పిలుపుల్లో కూడా తేడా ఉంది. ఇటలీలో డెబ్బై ఏళ్ల మనిషిని పేరు పెట్టి పిలవమంటారు. మన నోటికి అది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. చివరికి అమ్మమ్మ అనే అర్థంలో ‘నోన్నా’ అని పిలిచి గట్టెక్కాను. జపాన్‌లో ఇంటిపేరుకు ‘సాన్’ చేర్చి పిలుస్తుంటే, మన ‘గారు’ దొరికినంత హాయిగా ఉండేది.

శాకాహారులకు టస్కనీయే మేలు. శనగలు, చిక్కుళ్లు, ఆకుకూరలు, రొట్టె అక్కడి పల్లె భోజనానికి ప్రాణం. పట్టింపు గట్టిగా ఉన్నవారు మాత్రం పర్మిజానో చీజ్ కోసం పాలను విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారని తెలుసుకోవాలి. జపాన్‌లో చేప ముక్క కంటికి కనబడకపోయినా, ఎండుచేపల రసం సూప్‌లోను, పులుసులోను, కూరలోను కలిసిపోయి ఉంటుంది. చేప తినేవారికి మాత్రం ఫురానో భోజనమే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే మూడు పూటలా అన్నం. ఆ పొట్టి బియ్యంతో ఒకసారి నిమ్మకాయ పులిహోర కలపబోతే అది ముద్దగా మారింది. వాళ్లు దాన్ని ఉండలు చుట్టి, సముద్రపు నాచు ఆకులో పొట్లం కట్టి, మరునాడు పొలానికి పట్టుకొచ్చారు.

ఇక సెలవు రోజు. కాగితం మీద చూస్తే టస్కనీకి సాటి లేదు. ఫ్లోరెన్స్ నుంచి పీసాకు రైలులో గంట, సియెనాకు గంటన్నర, వేగపు రైలెక్కితే రోముకు కూడా గంటన్నరే. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలకు ప్రవేశం ఉచితం. ఫ్లోరెన్స్‌లోని పేరుమోసిన ఉఫీజీ చిత్రశాల కూడా అందులో ఉంది, వరుస మాత్రం పొద్దున్నే పెరిగిపోతుంది. అయితే మా తోట నుంచి బస్సు రోడ్డుకు నాలుగు కిలోమీటర్ల కంకర దారి. సెలవు ఆదివారమే, ఆదివారం బస్సులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. నవంబరులో సాయంత్రం ఐదు కాకుండానే చీకటి పడుతుంది. కాబట్టి ఉదయం తొమ్మిదింటి బస్సు అందకపోతే ఆ ఆదివారం అక్కడితో సరి. పైగా సమ్మెలు. ఇటలీలో రైలు సమ్మె జరిగినా ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు కొన్ని రైళ్లు నడిపి తీరాలన్న నియమం ఉంది. అది పనిదినాలకే గాని ఆదివారాలకు వర్తించదు. ఇది నేను స్టేషనులో నిలబడి నేర్చుకున్న పాఠం. కాగితపు ప్రాంతీయ టికెట్టును ఎక్కే ముందు యంత్రంలో ముద్ర వేయించుకోవాలన్నది ఇంకో పాఠం. దాని ఖరీదు జరిమానా రూపంలో కట్టాను.

ఇంత చెప్పినా, మూడు వారాల్లో ఫ్లోరెన్స్, సియెనా, లూక్కా మూడూ చూశాను. గవ్వలా లోపలికి వాలిన సియెనా నడిబొడ్డు మైదానంలో ఇటుక నేల మీద చతికిలపడి గంటసేపు కూర్చోవడానికి పైసా ఖర్చు లేదు. లూక్కా కోటగోడ మీద నాలుగు కిలోమీటర్ల చుట్టు దారిలో నడవవచ్చు, సైకిలు తొక్కవచ్చు. వాన పడితే తడికాయ కోయరు గనుక, వారం మధ్యలో అనుకోని సెలవులూ కలిసొచ్చాయి. ఆ రోజుల్లో మ్యూజియాల్లో రద్దీ తక్కువ.

ఫురానోలో సెలవు వారానికి ఒకటే, అదీ బుధవారం. కోత ఆగదు కనుక మాలా పనికి వచ్చినవారందరికీ ఒకే రోజు సెలవు ఇవ్వరు; నాతో ఉన్న తైవాన్ అమ్మాయికి శుక్రవారం. కలిసి తిరిగే అవకాశం లేదన్నమాట. అక్కడి నుంచి అసాహికావా నగరానికి వెళ్లే రైలు మార్గం పొడవు 54.8 కిలోమీటర్లే అయినా, చిన్న డీజిల్ రైలు గంటకు పైనే తీసుకుంటుంది; అక్కడి నుంచి సప్పోరోకు ఎక్స్‌ప్రెస్‌లో మరో గంటా ఇరవై ఐదు నిమిషాలు. పాత పుస్తకాలు చూసి ప్రయాణం వేసుకునేవారు ఒకటి గమనించాలి: ఫురానో నుంచి తూర్పున షింతొకుకు వెళ్లే రైలు మార్గాన్ని 2024 ఏప్రిల్ 1న శాశ్వతంగా ఎత్తేశారు. 2016 తుపానుల్లో దెబ్బతిన్న పట్టాలను తిరిగి వేయనేలేదు. ఒక రోజు సెలవులో తూర్పు హొక్కయిదోను చుట్టి రావాలన్న ఆశ ఉంటే ఇప్పుడే వదులుకోవడం మంచిది.

దగ్గరున్నవాటితో తృప్తి పడగలిగితే మాత్రం కొదవ లేదు. రైతు ఇచ్చిన సైకిలు మీద నాకఫురానోలోని లావెండర్ తోటలకు వెళ్లవచ్చు, జూలై నడిమి రోజుల్లో అవి నిండుగా పూస్తాయి. బియేయ్ దగ్గరి నీలి చెరువును చూసి దేవుడు చేసిన వింత అనుకుంటారు గాని, 1988లో తొకాచి అగ్నిపర్వతం పేలిన తరువాత బురద ప్రవాహాన్ని ఆపడానికి కట్టిన అడ్డుకట్టల వెనుక నీరు నిలిచి ఏర్పడినది అది. వేడి బుగ్గల నుంచి వచ్చే అల్యూమినియం వల్ల ఆ రంగు. నన్ను ఎక్కువగా కదిలించినది మరొకటి. బియేయ్ కొండల్లో ఫొటోల కోసం జనం ఎగబడే ‘తత్వవేత్త చెట్టు’ అనే ఒంటరి పోప్లార్ ఉండేది. హెచ్చరికలు పెట్టినా సందర్శకులు పంటలో అడుగుపెట్టడం మానకపోవడంతో, 2016 ఫిబ్రవరిలో ఆ పొలం యజమానే దాన్ని పడగొట్టించాడు. బూట్లకు అంటిన మట్టితో బంగాళాదుంపకు తెగులు పురుగు చేరుతుందన్న భయం ఎలాంటిదో, ఆరు వారాలు సాళ్లలో వంగి పనిచేశాక గాని నాకు అర్థం కాలేదు. అంతకు ముందైతే నేనూ ఆ కంచె దాటేవాణ్ణే.

కాబట్టి నా తీర్పు ఇది. చేతిలో నెల లోపు సమయం ఉండి, పొలం పనితో పాటు ఊళ్లు చూడాలన్న కోరిక కూడా బలంగా ఉన్నవారికి టస్కనీయే మేలు. అందులోనూ కోతల కాలంలో వెళ్లడం మేలు, ఎందుకంటే కాయ కొమ్మ నుంచి నూనెగా మారేదాకా మూడు వారాల్లోనే కళ్లారా చూడవచ్చు. ఆరు వారాలకు మించి ఉండగలిగి, నిజంగా సేద్యం నేర్చుకోవాలనుకునేవారు ఫురానోకు వెళ్లాలి. అక్కడ సెలవు రోజును ప్రయాణానికి కాక విశ్రాంతికి లెక్క వేసుకోవాలి. రోజువారీ జీవితం వరకే అడిగితే నాకు ఫురానోయే ఇష్టం. వేళకు పని, వేళకు టీ, వేళకు స్నానం ఉన్న ఇల్లు నాలాంటి బద్ధకస్తుణ్ణి కూడా దారిలో పెట్టింది.

వీసా సంగతి ఈ రెండింటికీ ముందే తేల్చుకోవాలి. జీతం లేదు కనుక ఇది ఉద్యోగం కాదు అన్న వాదన అన్ని దేశాల్లో చెల్లదు. న్యూజిలాండ్ తిండీ వసతీ కూడా ప్రతిఫలమే అంటుంది, కాబట్టి పని చేసే హక్కున్న వీసా కావాలి. బ్రిటన్‌లో సందర్శకులు నమోదైన ధార్మిక సంస్థల్లో 30 రోజుల లోపు మాత్రమే స్వచ్ఛంద సేవ చేయవచ్చు, మామూలు రైతు పొలం అందులోకి రాదు. ఏ దేశమైనా ఆ దేశపు రాయబార కార్యాలయాన్ని పొలం పేరు చెప్పి మరీ అడగాలి. డబ్బు కూడా కావాలనుకునే యువతకు వేరే దారి ఉంది: 2024 అక్టోబరు 1 నుంచి ఆస్ట్రేలియా 18 నుంచి 30 ఏళ్ల భారతీయులకు ఏడాదికి 1,000 చొప్పున పని, సెలవు కలిసిన వీసాలను లాటరీ పద్ధతిన ఇస్తోంది. అక్కడ పొలం పనికి కూలి ఇచ్చి తీరాలి.

రైతుకు రాసే మొదటి ఉత్తరంలో నేను ఇప్పుడు నాలుగే ప్రశ్నలు వేస్తాను: సెలవు ఏ రోజు, గేటు నుంచి బస్సు స్టాపు ఎంత దూరం, ఆ రోజున బస్సు ఉందా, ఇంట్లో సైకిలు ఉందా. ఫురానో రైతు వీటిలో ఆఖరిదానికి మాత్రమే సూటిగా జవాబిచ్చాడు: సైకిలు ఉంది, గేర్లు లేవు, వెళ్లేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు.