డెస్క్‌టాప్ పదేపదే క్రాష్ అవుతుంటే గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కడినుంచి తెచ్చుకోవడం మేలు?

విజయనగరం గంటస్తంభం దగ్గర మాకున్న చిన్న డిజైనింగ్ గదిలో రెండు యంత్రాలు ఉన్నాయి. రెండూ లినక్స్ రకమైన యుబుంటు 24.04 మీదే నడుస్తాయి. ఒకదానిలో ఎన్‌విడియా జీటీఎక్స్ 1650 కార్డు ఉంది. రెండోది ఇంటెల్ గ్రాఫిక్స్‌తో వచ్చిన ల్యాప్‌టాప్. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి పది రోజుల ముందు, బ్యానర్ల పని నెత్తిమీద ఉన్న వేళ, మొదటి యంత్రం రోజుకు రెండు మూడుసార్లు హ్యాంగ్ అయి, కాసేపటికి లాగిన్ తెర దగ్గరికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ఇంక్‌స్కేప్‌లో సేవ్ చేయకుండా ఉంచిన పని ఉన్నపళంగా పోయేది. పాలిటెక్నిక్ చదువుతున్న మా మేనల్లుడు చూసి, "కొత్త డ్రైవర్ దింపి పెట్టేస్తే పోలేదా మావయ్యా" అన్నాడు. మాట సబబైనదే గాని, ఆ కొత్త డ్రైవర్‌ను (కార్డును నడిపే ప్రోగ్రామును) ఎక్కడినుంచి దింపాలన్న దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది.

దానికన్నా ముందు లాగ్ (యంత్రం రాసుకునే చిట్టా) చూడాలి. యంత్రం తిరిగి లేచాక, జర్నల్‌సీటీఎల్‌ను (లాగ్ చూపే ఆదేశాన్ని) గత బూట్ నాటి కెర్నెల్ (వ్యవస్థకు గుండెకాయలాంటి ప్రోగ్రాము) సందేశాలు చూపమని అడిగితే, క్రాష్‌కు ముందు ఏం జరిగిందో చివరి వరుసల్లో చాలాసార్లు దొరుకుతుంది. అక్కడ గ్రాఫిక్స్ డ్రైవర్ పేరుతో తప్పుల వరుస కనిపిస్తే డ్రైవర్ గురించి ఆలోచించవచ్చు. "అవుట్ ఆఫ్ మెమరీ" అని ఉంటే డ్రైవర్ మార్చి ప్రయోజనం లేదు. శ్రీకాకుళంలో మా బావగారి 4 జీబీ ల్యాప్‌టాప్ జబ్బు అదే, ర్యామ్ వేయించగానే కుదుటపడింది. ఎన్‌విడియా డ్రైవర్ తన తప్పులకు ఎక్స్ఐడి అంకెలు ఇస్తుంది. వాటిలో 79 వస్తే కార్డు "బస్సు నుంచి జారిపోయింది" అని అర్థం (కాంప్లెక్స్‌లో ఆగే బస్సు కాదు, మదర్‌బోర్డుతో కార్డును కలిపే దారి), అప్పుడు ముందుగా అనుమానించవలసింది పవర్ సప్లైని, వేడిని, స్లాట్‌లో పేరుకున్న దుమ్మును.

మా లాగ్‌లో కనిపించినది నూవో పేరు. యుబుంటు ఎక్కించిన రోజున థర్డ్ పార్టీ డ్రైవర్ల గడిలో టిక్కు పెట్టకుండా ముందుకు పోయినవాణ్ణి నేనే కాబట్టి, కెర్నెల్‌తో పాటు వచ్చే నూవోయే అప్పటిదాకా కార్డును నడిపింది. నూవో బయటివాళ్లు ఎన్‌విడియా కార్డుల తీరును పరిశీలించి, శోధించి రాసిన స్వేచ్ఛా డ్రైవర్. ఎన్‌విడియా సంతకం చేసిన ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రాము) లేనిదే గడియార వేగం (కార్డు పనిచేసే వేగం) పెంచనివ్వని కార్డులు రావడంతో అది ఏళ్ల తరబడి వెనకబడింది, కెర్నెల్ 6.7లో కొత్త ఫర్మ్‌వేర్ దారి తెరుచుకున్నాక పరిస్థితి మెరుగుపడుతోంది. వెబ్ చూసుకోవడానికి, ఉత్తరాలు టైపు చేయడానికి అది చాలు. త్రీడీ బొమ్మల ప్రోగ్రాము బ్లెండర్ తెరిచేవారికి మాత్రం చాలదు.

ఇక మిగిలినవి మూడు దారులు: తయారీదారు సైటులో దొరికే రన్ ఫైలు (తనంతట తానే ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు), యుబుంటు సొంత రిపాజిటరీ (ప్రోగ్రాముల భాండారం), గ్రాఫిక్స్ డ్రైవర్ల పీపీఏ (యుబుంటుకు విడిగా జోడించుకునే అదనపు భాండారం).

మేనల్లుడు మొదట పట్టుకున్నది రన్ ఫైలును. దానిలో ఉన్న ఆకర్షణ ఒక్కటే, అన్నింటికన్నా ముందు కొత్త వెర్షన్ అక్కడే దొరుకుతుంది. అందుకు చెల్లించే ధర పెద్దది. డెస్క్‌టాప్‌ను ఆపి నల్ల తెరమీద దాన్ని నడపాలి, నూవోను అడ్డుకోవాలి, కెర్నెల్ హెడర్లు, కంపైలర్ (డ్రైవర్‌ను మన యంత్రంలోనే తయారుచేసే సరంజామా) సిద్ధంగా ఉంచుకోవాలి, సెక్యూర్ బూట్ (సంతకం లేనిదాన్ని నడవనివ్వని కాపలా) ఉంటే మాడ్యూల్‌కు (కెర్నెల్‌లో చేరే డ్రైవర్ భాగానికి) మన తాళంచెవితో మనమే సంతకం చేయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అది పెట్టిన ఫైళ్ల సంగతి ఏపీటీకి (యుబుంటులో ప్రోగ్రాములు ఎక్కించి, తీసే సాధనానికి) తెలియదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డీకేఎంఎస్‌లో (కెర్నెల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ను తిరిగి తయారుచేసే ఏర్పాటులో) నమోదు చేయమంటారా అని అడిగితే, అర్థం కాక వద్దన్నాము. నాలుగు రోజులు ఏ ఇబ్బందీ లేదు. ఐదో రోజు ఉదయం అప్‌డేట్‌లో కొత్త కెర్నెల్ వచ్చింది, దానికి సరిపడే మాడ్యూల్ లేదు, రీస్టార్ట్ చేస్తే నల్ల తెరే మిగిలింది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లోకి వెళ్లి, అదే రన్ ఫైలుకు అన్‌ఇన్‌స్టాల్ చెప్పి, రిపాజిటరీ డ్రైవర్ పెట్టుకునేసరికి మధ్యాహ్నం అయింది. తప్పు మాదే గాని, అలాంటి తప్పుకు అంత చోటిచ్చే పద్ధతిని రోజువారీ పని యంత్రం మీద పెట్టకూడదని నా అభిప్రాయం.

రిపాజిటరీ డ్రైవర్ కొంచెం పాతది కావచ్చు. దాని బలం వేరు. "అడిషనల్ డ్రైవర్స్" కిటికీలో "టెస్టెడ్" అని గుర్తున్నదాన్ని ఎంచుకుంటే, సాధారణంగా ఆ కెర్నెల్ కోసమే ముందుగా కంపైల్ చేసి, యుబుంటు తరఫున సంతకం చేసిన మాడ్యూల్ వస్తుంది. కెర్నెల్ మారినప్పుడు దానికి జోడీ మాడ్యూల్ కూడా వెంటే వస్తుంది, సెక్యూర్ బూట్‌ను ఆపనక్కరలేదు. పేరు చివర "సర్వర్" తోక ఉన్నవి డెస్క్‌టాప్‌కు ఉద్దేశించినవి కావు. ఈ దారిలోనూ ఒక లోపం ఉంది. యంత్రం నడుస్తుండగానే ఆటోమేటిక్ అప్‌డేట్ డ్రైవర్ లైబ్రరీలను (ప్రోగ్రాములు వాడుకునే డ్రైవర్ ఫైళ్లను) మార్చేస్తే, మెమరీలో ఉన్న పాత మాడ్యూల్‌కు, డిస్క్ మీది కొత్త లైబ్రరీకి పొంతన కుదరక, కొత్తగా తెరిచే త్రీడీ ప్రోగ్రాములు పనిచేయవు. "వెర్షన్ మిస్‌మ్యాచ్" అన్న ఆ సందేశం చూసి కంగారు పడి డ్రైవర్ మళ్లీ ఎక్కించేవారున్నారు. రీస్టార్ట్ ఒక్కటే చాలు.

పీపీఏ ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. డ్రైవర్ వెర్షన్ల కొత్త వరుసలు త్వరగా వస్తాయి, ఏపీటీకి లెక్క తెలిసి ఉంటుంది, నచ్చకపోతే పీపీఏ-పర్జ్ ఆదేశంతో వెనక్కి రావచ్చు. మాడ్యూల్ మాత్రం డీకేఎంఎస్ ద్వారా మన యంత్రంలోనే కంపైల్ అవుతుంది కాబట్టి, సెక్యూర్ బూట్ ఉంటే పాస్‌వర్డ్ పెట్టి, రీస్టార్ట్‌లో వచ్చే నీలి తెరమీద దాన్ని మళ్లీ కొట్టాలి. వేలాండ్‌లో (తెరమీద కిటికీలు గీసే కొత్త పద్ధతిలో) కొన్ని కిటికీలు మినుకుమినుకుమంటుంటే 2024లో వచ్చిన 555 వరుస, ఎక్స్‌ప్లిసిట్ సింక్ (గీత పూర్తయ్యాకే తెరమీద చూపే సమన్వయం) మద్దతుతో, ఆ బాధను బాగా తగ్గించింది. 535 దగ్గరే ఆగినవారికి పైవరుసకు మారడం నిజంగా లాభం. ఆ వరుస రిపాజిటరీలోనే దొరికితే పీపీఏ అవసరమే లేదు.

కొత్తదే మంచిదన్న లెక్క పాత కార్డుల దగ్గర పూర్తిగా తప్పుతుంది. కెప్లర్ తరం జీటీ 710కి 470 వరుసే ఆఖరిది. పాస్కల్ తరం జీటీఎక్స్ 1050 టీఐకి 580తో ఆగిపోయింది. వీటికి అంతకన్నా కొత్తది ఎక్కిస్తే కార్డును గుర్తించనే గుర్తించదు.

ఇంటెల్, ఏఎండీ వారికి ఈ చర్చలో సగం వర్తించదు. వారి డ్రైవర్ కెర్నెల్‌లోను, మెసాలోను (స్వేచ్ఛా గ్రాఫిక్స్ లైబ్రరీల కట్ట) ఉంటుంది కనుక హెచ్‌డబ్ల్యూఈ కెర్నెల్‌కు (అదే యుబుంటులోకి తర్వాత తెచ్చే కొత్త కెర్నెల్‌కు) మారడమే డ్రైవర్ అప్‌డేట్, 24.04 మొదట 6.8 కెర్నెల్‌తో వచ్చింది, 24.04.2 నాటికి అది 6.11 అయింది. మెసా కోసం పీపీఏ జోలికి చివరగా వెళ్లాలి.

నేను రిపాజిటరీ డ్రైవర్ దగ్గరే ఆగాను. పండుగ పని పూర్తయ్యేదాకా మాత్రం లాగిన్ తెరలోని పళ్లచక్రం గుర్తు నొక్కి ఎక్సార్గ్ (వేలాండ్‌కు ముందున్న పాత పద్ధతి) సెషన్ ఎంచుకున్నాను, ఎందుకంటే వేలాండ్‌లో గ్నోమ్ షెల్ (డెస్క్‌టాప్‌ను నడిపే ప్రోగ్రాము) పడిపోతే తెరిచి ఉన్న కిటికీలన్నీ దానితోపాటే పోతాయి, ఎక్సార్గ్‌లో షెల్ ఒక్కటే మళ్లీ లేచి, సేవ్ చేయని బ్యానర్ తెరమీద అలాగే ఉండే అవకాశం ఎక్కువ.