శ్రీకాకుళంలో ఆదివారం కీళ్ల క్లినిక్: అమ్మను తీసుకెళ్తున్న కూతురి అభిప్రాయం

వైజాగ్ నుంచి ఆదివారాలు మాత్రమే వచ్చే రుమటాలజిస్టు గారి క్లినిక్ ఇది. డే అండ్ నైట్ జంక్షన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. పేరు వేయొద్దని డాక్టరుగారే అన్నారు, అందుకే వేయడం లేదు. ఆ చుట్టుపక్కల ఏ మందుల షాపులోనైనా "ఆదివారం కీళ్ల డాక్టరు" అని అడిగితే చూపిస్తారు. నా మార్కులు ఐదుకి నాలుగు.

మా అమ్మది పొందూరు. చిన్నప్పటి నుంచి రాట్నం తిప్పింది. వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసి సన్న నూలు తీసిన చేతులు అవి. అలాంటి మనిషి పొద్దున్న లేచాక రెండు గంటల పాటు పిడికిలి బిగించలేక, "ఈ వేళ్లు నావి కావేటే" అని ఏడ్చేది. యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చి, రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం అని తేలింది. వయసు మీద పడి కీళ్లు అరగడం వేరు, ఇది వేరు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద పడుతుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది.

ఇక్కడ వెళ్లిన ప్రతిసారీ కీళ్లు లెక్కపెడతారు. మందుల చీటీ ఆ తర్వాతే. భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ల కణుపులు, మోకాళ్లు కలిపి 28. ఒక్కో దాన్నీ నొక్కి, నొప్పి ఉన్నవెన్ని, వాచినవెన్ని అని నర్సమ్మకు చెబుతారు, ఆమె రాసుకుంటుంది. పాదాలు ఆ 28లోకి రావు. మా అమ్మకి కాలివేళ్లే ఎక్కువ బాధ, కాబట్టి ఆయన చెప్పులు విప్పించి పాదాలు కూడా చూస్తారు. తర్వాత రోగి తన జబ్బు ఎంత బాధగా ఉందో సున్నా నుంచి వంద వరకు ఉన్న గీత మీద చూపించాలి. మా అమ్మకి చదువు రాదు. నర్సమ్మ "రూపాయికి ఎంతుంది అమ్మా?" అని అడిగింది. అమ్మ తడుముకోకుండా "ముప్పావలా" అంది. నర్సమ్మ 75 వేసుకుంది. ఆ ప్రశ్న ఎవరు కనిపెట్టారో గానీ చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్ అనే రక్తపరీక్ష అంకె కూడా కలిపి లెక్కకడితే డాస్ 28 అనే స్కోరు వస్తుంది. 5.1 దాటితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు, 2.6 లోపు వస్తే అణిగినట్టు. అమ్మకి మొదట 5.9, ఇప్పుడు 3.0.

ఇంత లెక్క ఎందుకండీ అని అడిగితే డాక్టరుగారు గ్లాస్గోలో జరిగిన టికోరా అనే అధ్యయనం గురించి చెప్పారు. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను కాబట్టి ఇంటికొచ్చి వెతికి చదివాను. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. సగం మందిని నెలనెలా పిలిచి, స్కోరు కట్టి, తగ్గకపోతే వెంటనే మందు పెంచారు. మిగతా సగానికి మామూలుగా మూడు నెలలకోసారి చూసే వైద్యం. 18 నెలలకు మొదటి గుంపులో 65 శాతం మందికి జబ్బు అణిగింది, రెండో గుంపులో 16 శాతానికే. రెండు గుంపులకూ ఇచ్చినవి పాత మందులే. తేడా అంతా పట్టుబట్టి లెక్క చూడడంలో ఉంది. అది శ్రీకాకుళంలో మేడ మీద ఒక చిన్న గదిలో జరుగుతోందంటే నాకు నిజంగా సంతోషం.

మా పిన్ని కూతురికి వైజాగ్‌లో ఎటనర్‌సెప్ట్ అనే, రక్షణ వ్యవస్థ దూకుడును అణిచే ఇంజెక్షన్ ఇస్తున్నారు. దాంతో మా ఇంట్లో "అమ్మకి కూడా పెద్ద మందు పెట్టించు" అని ఒకటే గొడవ. డాక్టరుగారు కసురుకోలేదు. మెథోట్రెక్సేట్, సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే పాత మాత్రలు మూడూ కలిపి ఒక పక్క, మెథోట్రెక్సేట్‌తో పాటు ఆ ఇంజెక్షన్ ఇంకో పక్క పెట్టి 353 మంది మీద పోల్చిన పరిశోధన గురించి ఓపిగ్గా చెప్పారు. 2013లో వచ్చింది. 24 వారాలకు గుణం కనిపించనివాళ్లను ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మార్చారు. 48 వారాలకు చూస్తే మూడు మాత్రలతో మొదలుపెట్టినవాళ్లు వెనకబడలేదు. "ముందు ఇవి చూద్దాం. లొంగకపోతే ఇంజెక్షన్ ఎలాగూ ఉంది, దానికి ముందు టీబీ పరీక్ష చేయాలి" అన్నారు. మా అమ్మ "నీ ఇష్టం బాబూ" అనేసింది. నేను మాత్రం ఆ అంకెలు విన్నాకే ఒప్పుకున్నాను.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది, రక్తకణాలు పడిపోతాయి. ఊళ్లో ఒక మందుల షాపువాళ్లు కవరు మీద అలవాటుగా "రోజూ 1" అని రాసిచ్చారు! ఈ క్లినిక్ చీటీలో మాత్రం "మంగళవారం మాత్రమే" అని తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చదువురాని వాళ్లకు నర్సమ్మ చెప్పి, తిరిగి వాళ్ల నోటితో చెప్పించుకుంటుంది. అమ్మ ప్రాణం నిలబడిందంటే ఆ ఒక్క మాట వల్లే. దాని దుష్ప్రభావాలు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర, 5 మిల్లీగ్రాములది వారానికి రెండు. ఎక్కువ వేస్తే ఇంకా మంచిదా అంటే, వారానికి 10, 30 మిల్లీగ్రాములు పోల్చి చండీగఢ్‌లో చేసిన పరీక్షలో తేడా ఏమీ కనిపించలేదన్నారు. అన్నట్టు, ఈ రెండు మందులూ అమెరికాలో లెడర్లీ సంస్థలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం చేతిలోంచి వచ్చినవే. 1948లో ఆయన పోయారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడడానికి అమెరికాలో అనుమతి వచ్చింది 1988లో. పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతి పిల్లలకు తప్పకుండా చెబుతున్నాను.

మందు పనిచేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుందని మొదటి రోజే చెప్పారు. ఈలోపు తక్కువ మోతాదు స్టెరాయిడ్ ఇచ్చి, ఎప్పుడెంత తగ్గించాలో క్యాలెండరు మీద రాసిచ్చారు.

ఇక మార్కు ఎందుకు తగ్గించానంటే, మెట్లు. మోకాళ్లు వాచినవాళ్లను చూసే క్లినిక్ మొదటి అంతస్తులో ఉంటే ఎలా? లిఫ్టు లేదు. ఒక పెద్దాయన్ని ఇద్దరు కొడుకులు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లడం చూశాను. కింద ఒక గది అద్దెకు తీసుకున్నా సరిపోతుంది. రెండోది, పెళ్లయిన ఆడపిల్లల్ని గర్భం గురించి అందరి ముందూ అడుగుతున్నారు. అడగడం తప్పనిసరి, మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. కానీ ఒక తెర కట్టండి. సిగ్గుపడి అబద్ధం చెబితే నష్టపోయేది ఆ పిల్లే.

ఫీజు 500. రక్తపరీక్షల ఖర్చు వేరే. హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవాళ్లు కంటి పరీక్ష ఇంకోచోట చేయించుకోవాలి. శనివారం సాయంత్రమే టోకెన్ తీసుకోండి, లేకపోతే మధ్యాహ్నం భోజనం వేళ దాటుతుంది. పాత చీటీలు, రిపోర్టులు, ఇదివరకు వాడిన పొడులు, కషాయాల సీసాలు అన్నీ సంచిలో వేసుకెళ్లండి. డాక్టరుగారు అవి కూడా ఒక్కొక్కటీ చూస్తారు, తిట్టరు.