రెండు వేసవులు, రెండు తవ్వకాలు

నేను వెళ్లిన మొదటి పురావస్తు తవ్వకాల శిబిరంలో పది రోజుల పాటు నేను చేసిన పని తట్టలతో మట్టి మోయడం, జల్లెడ పట్టడం. నలభై మంది విద్యార్థులకు నేర్పేవాళ్లు ముగ్గురే. దూరాలు, కోణాలు కొలిచే టోటల్ స్టేషన్ అనే పరికరం ఉంది కానీ మా చేతికి ఇవ్వలేదు. కొలత తీసేటప్పుడు రాడ్ పట్టుకుని కదలకుండా నిలబడమనేవారు, అంతే. స్థలం మాత్రం గొప్పది. రోజూ కుండ పెంకులు, పూసలు, ఎముక ముక్కలు బయటపడేవి, రోజంతా అరుపులూ ఫోటోలూ. శిబిరం ముగిశాక నోట్‌బుక్ తీసి చూసుకుంటే, ఏ పెంకు ఏ పొరలో దొరికిందో చెప్పే రాతలు నాలుగు పేజీలు కూడా లేవు. చాలా బాధేసింది.

మరుసటి వేసవిలో ఇంకో చోటికి వెళ్లాను. అక్కడ పన్నెండు మందికి ముగ్గురు. చూడ్డానికి అదొక బీడు నేల. గోడలు లేవు, వస్తువులు కూడా రోజుకు గుప్పెడు పెంకులకు మించి దొరకలేదు. అయినా తవ్వకం అంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే.

మొదటి రోజు ఎవరూ గడ్డపార పట్టలేదు. మేకులు, పురికొస, టేపు ఇచ్చి 5 మీటర్ల చదరం గీయమన్నారు. 3, 4, 5 మీటర్ల త్రిభుజంతో మూల లంబంగా తెచ్చుకోవాలి, తర్వాత రెండు కర్ణాలూ కొలవాలి. రెండూ 7.07 మీటర్లు రావాలి. మాకు ఒకటి 7.02, రెండోది 7.12 వచ్చింది. మేకులు పీకి మళ్లీ పాతాం, అలా మూడుసార్లు. అప్పుడు విసుగ్గానే ఉంది, కానీ ఆ తర్వాత తీసిన ప్రతి కొలతా ఆ మేకుల నుంచే తీశాం.

చదరానికీ చదరానికీ మధ్య తవ్వకుండా గట్టు వదిలే పద్ధతి బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మోర్టిమర్ వీలర్‌ది. ఆయన దగ్గర పని నేర్చుకున్న కాథ్లీన్ కెన్యన్ 1952 నుంచి 1958 దాకా పాలస్తీనాలోని ప్రాచీన నగరం జెరికోలో తవ్వింది ఇలాంటి పద్ధతిలోనే. గట్టు ఎందుకో లోపలికి దిగితేనే అర్థమవుతుంది. ట్రెంచ్, అంటే తవ్విన గుంత, దాని గోడను తాపీతో నున్నగా గీకితే పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. రసమట్టంతో దారం అడ్డంగా కట్టి, 20 సెంటీమీటర్లకోసారి కిందికి కొలిచి, ఆ పొరలను 1:10 స్కేల్లో గ్రాఫ్ కాగితం మీద గీయాలి. నా మొదటి బొమ్మకు పూట పట్టింది. అందులో రెండు పొరలను ఒకటిగా గీశానని చెప్పి, కారణం కూడా చూపించారు: తడిపిన మట్టిని వేళ్లతో నలిపితే ఒకటి ఇసుకలా గరగరలాడింది, రెండోది బంకగా సాగింది. కంటికి రెండూ ఒకే గోధుమ రంగు.

రంగు కూడా ఊరికే రాయకూడదు. ప్రతి రంగుకూ ఒక సంకేతం ఉండే మన్సెల్ పుస్తకంలోని రంగుల పక్కన మట్టి పెట్టి, 10వైఆర్ 4/3 అన్నట్టు రాయాలి. మట్టి తడిగా ఉండాలి, వెలుతురు పగటిది కావాలి, నల్ల కళ్లద్దాలు తీసేయాలి.

రెండో వారంలో నేల మీద నల్లటి గుండ్రని మచ్చ కనిపించింది, రెండు పిడికిళ్లంత. మొదటి శిబిరంలో అయితే దాన్ని అలాగే తవ్వి పారేసేవాళ్లం. ఇక్కడ మధ్యగా దారం కట్టి సగమే తవ్వించారు. రెండో సగం నిలువునా నిలబడింది. మధ్యలో మెత్తటి నల్లమట్టి, చుట్టూ బిగువుకు కూరిన రాళ్లు. అది ఒకప్పుడు కర్ర గుంజ పాతిన గుంత. గుంత తవ్విన పనికి ఒక నంబరు, రాళ్లకు ఒకటి, గుంజ చివికాక నిండిన మట్టికి ఇంకొకటి. ఏది ముందు, ఏది తర్వాత జరిగిందో చూపించే పటంగా 1973లో పురావస్తు శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హారిస్ రూపొందించిన మ్యాట్రిక్స్‌లో ఆ మూడింటినీ వరుసలో పెట్టినప్పుడు, ఒక మనిషి చేసిన పని వరుస నా కాగితం మీద కనిపించింది. వస్తువేదీ దొరకలేదు. ఆ రోజంత సంతోషం నాకు పూసలు దొరికిన రోజు కూడా లేదు.

ఇక బస సంగతి. మొదటి చోట తవ్వకం పక్కనే గుడారాలు. నడిచి పది నిమిషాల్లో పనిలో ఉండొచ్చు, అది బాగుంది. కానీ ఏడింటికల్లా లోపల ఉడికిపోయేవాళ్లం. నలభై మందికి నాలుగు మరుగుదొడ్లు, స్నానానికి క్యూ. రెండో చోట గదులు, ఫ్యాన్లు, బట్టలు ఆరేయడానికి జాగా అన్నీ ఉన్నాయి. లోటల్లా దూరం. బస్సు ఉదయం 5:15కు రావాలి, వారానికి రెండుసార్లైనా ఆలస్యమయ్యేది. ఏటవాలుగా పడే పొద్దుటి వెలుతురులోనే పొరల తేడా ఫోటోలో బాగా వస్తుంది. బస్సు రానప్పుడల్లా అది పోయేది, టెన్షన్‌గా ఉండేది. నిర్వాహకులకు రెండుసార్లు చెప్పాం, మారలేదు. మోకాళ్ల కింద వేసుకునే దిండ్లు, నీడకు టార్పాలిన్, ప్రథమ చికిత్స పెట్టె మాత్రం మొదటి రోజు నుంచే సిద్ధంగా ఉన్నాయి. ధనుర్వాతం టీకా వేయించుకున్నారా అని ముందే అడిగారు కూడా.

మధ్యాహ్నాలు పెంకులు కడిగేవాళ్లం, పాత టూత్‌బ్రష్‌లతో. లోపల మసి, జిడ్డు అంటిన పెంకులను మాత్రం కడగనివ్వలేదు. ఏం వండారో చెప్పే ఆధారం ఆ జిడ్డులోనే ఉండొచ్చు. పెంకులు నీడలో ఆరాలి, చీటీ వాటితో పాటే ఉండాలి. మొదటి శిబిరంలో గాలికి చీటీలు ఎగిరిపోయిన సంచులు రెండు నా కళ్ల ముందే వేరుగా పక్కన పెట్టేశారు.

వెళ్లాలనుకునేవాళ్లు ఏం దొరికిందని కాక, ఒక్కొక్క శిక్షకుడి కింద ఎంతమంది ఉంటారని అడగండి. తవ్వకానికి అనుమతి ఉందా, రికార్డు షీట్లు విద్యార్థులే నింపుతారా, పరికరాలు చేతికిస్తారా అని కూడా అడగండి. గదా గుడారమా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

చివరి రోజు ట్రెంచ్ అడుగున గుడ్డ పరిచి, తీసిన మట్టి అంతా మళ్లీ పోసి పూడ్చాం. నా గుంజ గుంత మీద మొదటి తట్ట నేనే పోశాను. ఈ వేసవికి అక్కడికే మళ్లీ దరఖాస్తు పెట్టాను. మట్టిని నీళ్లలో తేల్చి మాడిన గింజలు పట్టే పని ఈసారి నేర్పుతామన్నారు.