యార్క్‌లో నది పక్క నడక: డబ్బు కట్టింది ఒకటి, ఉచితంగా దొరికింది ఒకటి

తలకి 22 పౌండ్లు, నలుగురికి 88. మన లెక్కలో దాదాపు పదివేల రూపాయలు. దానికి దక్కింది గంటన్నర నడక. అందులో నది కంటబడింది మహా అయితే ఇరవై నిమిషాలు. మిగతా సమయమంతా షాంబుల్స్ సందులో జనాన్ని ఒరుసుకుంటూ, మిఠాయి కొట్ల ముందు ఆగుతూ గడిచిపోయింది. బుకింగ్ పేజీలో పెద్దక్షరాలతో ఉన్నది మాత్రం నది ఒడ్డు చారిత్రక నడక అనే. అడిగితే వచ్చిన జవాబు: రాత్రి నీళ్లు పెరిగాయి, కింది బాట మునిగింది, దారి మార్చే హక్కు మాకుందని షరతుల్లోనే రాశాం, డబ్బు వెనక్కి రాదు. ఆ నిర్వాహకుల పేరు ఇక్కడ అనవసరం. అలాంటి షరతు ఎవరైనా పెట్టొచ్చు కాబట్టి, ఇంగ్లండ్‌లోని యార్క్‌లో నది నడకకి డబ్బు కట్టేముందు ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

ముందు నది సంగతి. ఊరికి ఊస్, ఫాస్ అని రెండు నదులు. పెద్దది ఊస్. దాన్లోకి నీళ్లు వచ్చేది యార్క్‌లో కురిసిన వాన వల్ల కాదు. వాయవ్యాన ఉన్న యార్క్‌షైర్ డేల్స్ కొండల్లో పడిన వాన స్వేల్, యూర్, నిడ్ నదుల్లో దిగి, ఒక రోజు పైచిలుకు తర్వాత ఊరికి చేరుతుంది. కొండల మీద మంచు కరిగినా అంతే. భద్రాచలంలో చినుకు లేకపోయినా పైన వానలకి గోదావరి మెట్లెక్కినట్టే ఇదీ. అందుకే ఫోన్లో యార్క్ వాతావరణం చూసి, ఎండ కాస్తుందని మురిసి బుక్ చేసేవాళ్లే ఎక్కువగా దెబ్బ తింటారు. చూడాల్సింది బ్రిటన్ ప్రభుత్వ సైట్లో ఊస్ నది యార్క్ మట్టం. ఆ కొలమానం పేరు వైకింగ్ రికార్డర్. అంకె రెండు మీటర్ల దగ్గరికి వచ్చి ఇంకా పైకి పోతుంటే ఒడ్డు బాట మీద ఆశ పెట్టుకోవద్దు. శీతాకాలంలో ఇది మామూలే. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కాస్త నమ్మకం. అప్పుడైనా రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే టికెట్టే కొనండి, లేదా అదే రోజు పొద్దున మట్టం చూశాకే కొనండి.

ఇక డబ్బు పుచ్చుకోనివాళ్లు. 1951 నుంచి ఈ ఊళ్లో స్వచ్ఛంద గైడ్ల సంఘం ఒకటి సందర్శకుల్ని ఉచితంగా తిప్పి చూపిస్తోంది. ఆర్ట్ గ్యాలరీ ఎదురుగా ఎగ్జిబిషన్ స్క్వేర్‌లో, చిత్రకారుడు విలియం ఎట్టీ విగ్రహం ఉన్నచోట పొద్దున 10:15కి మొదలు. వేసవి నెలల్లో మధ్యాహ్నం కూడా ఉంటుంది. ఆ వేళలు వాళ్ల సైట్లో చూసుకోండి. ఒక కుటుంబం వెళ్లడానికి బుకింగ్ అక్కర్లేదు, పెద్ద బృందమైతే ముందుగా చెప్పాలి. నడక రెండు గంటలు. చివర్లో పర్సు తీయబోతే వద్దంటారు. దీన్ని టిప్పు మీద నడిచే "ఫ్రీ టూర్" అనుకోవద్దు. ఆ రకం టూర్లలో ఆఖర్న తలకి పది పౌండ్లయినా చేతిలో పెట్టకుండా బయటపడటానికి మొహమాటం అడ్డొస్తుంది.

తేడా మల్టాంగ్యులర్ టవర్ దగ్గర తెలిసిపోతుంది. మ్యూజియం గార్డెన్స్‌లో ఉన్న రోమన్ కోట బురుజు అది. డబ్బు తీసుకున్న గైడు దాని ముందు రెండు నిమిషాలు నిలబెట్టి ఫొటో తీసుకోమన్నాడు. స్వచ్ఛంద గైడు గోడకి దగ్గరగా తీసుకెళ్లి కింది భాగం చూపించింది: అరచేతి పాటి తెల్ల సున్నపురాళ్లు, వరసల మధ్య అడ్డంగా ఎర్ర ఇటుకల పట్టీ. అది రోమన్ల పని. తలెత్తి చూస్తే రాళ్లు ఒక్కసారిగా పెద్దవవుతాయి, వాటిలో బాణాలు వేసే సన్నని కంతలు. అది మధ్యయుగాల వాళ్లు పైన కట్టుకున్నది. క్రీ.శ. 71లో రోమన్ సైన్యం ఇక్కడ కోట కట్టింది ఊస్, ఫాస్‌ల మధ్య జాగా చూసుకునే. రోమన్ చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ 211లో చనిపోయింది ఈ ఊళ్లో, 306లో కాన్‌స్టంటైన్‌ని చక్రవర్తిగా సైన్యం ప్రకటించిందీ ఇక్కడే. ఇదంతా చెప్పాక అదే గోడ మళ్లీ చూస్తే పిల్లలు కూడా ఇటుక పట్టీ ఎక్కడిదాకా పోయిందో వేలితో చూపిస్తారు. మా బృందంలో పెద్దాయన పొద్దుటి నుంచి మొదటిసారి విసుక్కోవడం మానింది ఇక్కడే.

అయితే ఉచిత నడకలోనూ నది పెద్దగా ఉండదు. కోట గోడ, మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి చుట్టుపక్కల వీధులు ఎక్కువ. అందుకని నా సలహా: పొద్దున వాళ్లతో తిరిగి, తిండి తిని, మధ్యాహ్నం నది నడక మీరే చేయండి. దారి చెబుతాను.

మ్యూజియం గార్డెన్స్ కింది గేటు నదిలోకి దిగినట్టే ఉంటుంది. సెయింట్ మేరీస్ మఠం శిథిలాలు దాటి అటు దిగి, ఎడమవైపు తిరిగితే లెండల్ వంతెన. దాని పక్కనున్న రాతి బురుజుకి, అవతలి ఒడ్డున ఉన్న బార్కర్ టవర్‌కి మధ్య ఒకప్పుడు ఇనుప గొలుసు కట్టి పడవల దగ్గర సుంకం వసూలు చేసేవారు. వంతెన ఇప్పుడున్నది 1863 నాటిది. అంతకు ముందు మొదలుపెట్టినది 1861లో కడుతుండగానే కూలి ఐదుగురు చనిపోయారు. తర్వాత దాన్ని కట్టింది థామస్ పేజ్, లండన్ వెస్ట్‌మినిస్టర్ వంతెన ఆయనదే. కమ్మీల దగ్గర వంగి చూడండి: యార్క్ తెల్ల గులాబీ, అడ్డంగా పెట్టిన రెండు తాళంచెవులు, సింహాలు, అన్నీ పోత ఇనుములో.

ఇక్కడ తప్పనిసరిగా అవతలి ఒడ్డుకి దాటాలి. తూర్పు ఒడ్డున గిల్డ్‌హాల్ గోడ నేరుగా నీళ్లలోకి దిగి ఉంటుంది, బాట లేదు. పడమటి ఒడ్డున నార్త్ స్ట్రీట్ తోటలో నిలబడితే ఆ గిల్డ్‌హాల్ మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. 15వ శతాబ్దపు హాలు 1942 ఏప్రిల్ జర్మన్ బాంబుదాడిలో కాలిపోతే తిరిగి కట్టి 1960లో తెరిచారు. ఫొటోకి మధ్యాహ్నం మూడు తర్వాత వెలుగు దాని మీద పడుతుంది. పొద్దునైతే సూర్యుడు ఎదురు.

తర్వాతది ఊస్ వంతెన. 1863 దాకా ఊళ్లో ఊస్ మీద రోడ్డు వంతెనంటే ఈ చోట ఉన్నదొక్కటే. పాత వంతెన మీద ఇళ్లు, గుడి, జైలు అన్నీ ఉండేవి. 1154లో ఆర్చ్‌బిషప్ విలియంకి స్వాగతం చెప్పడానికి వచ్చిన జనం బరువుకి అది కూలిందని, ఒక్కరూ చనిపోలేదని, దాన్నే ఆయన మహిమగా చెప్పుకున్నారని కథ. 1586లో కాథలిక్ మతగురువులకి ఆశ్రయమిచ్చిన నేరం మోపితే వాదన వినిపించడానికి ఒప్పుకోని మార్గరెట్ క్లిథరోని, ఆమె ఇంటి తలుపునే మీద వేసి బరువులు పెట్టి చంపిందీ ఈ వంతెన మీదే. డబ్బు తీసుకున్న టూరులో ఈ రెండూ లేవు, దయ్యాల కథలు మాత్రం మూడొచ్చాయి.

మెట్లు దిగితే కింగ్స్ స్టెయిత్ రేవు. వరద మొదట పట్టుకునే చోటు ఇదే. ఇక్కడి కింగ్స్ ఆర్మ్స్ పబ్బులో ఏ వరదకి నీళ్లు ఎంతెత్తు వచ్చాయో గుర్తులు పెట్టారు. 2000 నవంబరులో నది మామూలు మట్టం కన్నా 5.4 మీటర్లు లేచింది. ఆ గీత పక్కన నిలబడితే మనిషి ఎత్తు చాలదు. తలుపు దగ్గర ఈ గుర్తులు చూడటానికి ఏమీ కొనక్కర్లేదు. ఒక జాగ్రత్త: నీళ్లు తీశాక రాళ్ల మీద పల్చటి ఒండ్రు మిగులుతుంది. చూడ్డానికి తడి మట్టిలా ఉంటుంది, కాలు పెడితే సర్రున జారుతుంది. చెప్పులతో, నున్నని అడుగున్న షూస్‌తో రావద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని పై వీధిలోంచే తీసుకెళ్లండి. వంద అడుగులు ఎక్కువైనా నయం.

అక్కడి నుంచి టవర్ గార్డెన్స్, పక్కనే గుట్ట మీద క్లిఫర్డ్స్ టవర్. 1190 మార్చిలో ఊరి యూదులు మూక దాడికి భయపడి అప్పటి కొయ్య బురుజులో తలదాచుకుంటే, దాదాపు 150 మంది అక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నారు. గుట్ట కింద ఆ సంగతి చెప్పే ఫలకం ఉంది, ముందు అది చదివి ఎక్కండి. పైకి టికెట్ ఉంది, యాభైకి పైగా మెట్లు. 2022లో వేసిన పైకప్పు వేదిక మీంచి రెండు నదులూ, మిన్‌స్టరూ ఒక్కచోట కనిపిస్తాయి. నాకైతే ఆ డబ్బు దండగనిపించలేదు.

ఇంకా ఓపికుంటే సెయింట్ జార్జ్స్ ఫీల్డ్ దాటి, ఫాస్ నది ఊస్‌లో కలిసే బ్లూ బ్రిడ్జ్ దాకా వెళ్లండి. పక్కనున్నది ఫాస్ బ్యారియర్. ఊస్ పొంగినప్పుడు నీళ్లు ఫాస్‌లోకి వెనక్కి ఎగదన్నకుండా గేటు దించి, ఫాస్ నీళ్లని పంపులతో ఊస్‌లోకి తోస్తారు. 2015 డిసెంబరు వరదలో నీళ్లు కరెంటు పరికరాల దాకా రావడంతో పంపులు ఆగిపోతాయని గేటు ఎత్తాల్సి వచ్చింది, ఫాస్ పక్క ఇళ్లు మునిగాయి. పర్యాటకులు సాధారణంగా ఇక్కడిదాకా రారు. నీటిపారుదల వాళ్లెవరైనా వెంట ఉంటే మాత్రం ఇక్కణ్నుంచి కదలరు. ఆపైన న్యూ వాక్ అనే ఒడ్డు బాటలో చెట్ల నీడన 2001లో కట్టిన మిలీనియం వంతెన వరకు వెళ్లి, అటు దాటి రౌన్‌ట్రీ పార్కు మీదుగా వెనక్కి రావొచ్చు. లెండల్ నుంచి మొత్తం చుట్టు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు, ఆగుతూ నడిస్తే రెండు గంటల పైన పడుతుంది. పార్కులో బాతులు చేతిలో బ్రెడ్డు కనిపిస్తే వదలవు, చిన్నపిల్లల్ని చూసుకోండి.

పడవ సంగతి: ముప్పావు గంట తిప్పుతారు, మైకులో చెబుతారు. నడవలేని పెద్దలకి అదే మేలు. మట్టం పెరిగితే పడవలు వంతెనల కింద పట్టవు, ఆపేస్తారు. నడక రద్దయిన రోజు పడవ ఎక్కుదామనుకుంటే కుదరదన్నమాట.

బస గురించి కోపంగానే రాస్తున్నాను. శనివారం రాత్రికి నది కనిపించే గది 146 పౌండ్లు, వెనక గది 122. ఆ 24 పౌండ్ల తేడాకి కనిపించింది కిటికీకి అడ్డంగా చెట్టు, దాని సందుల్లో నీళ్లు. కింద రేవు మీద పెళ్లికి ముందు పార్టీలకి వచ్చిన బృందాల పాటలు అర్ధరాత్రి దాటేదాకా. మావాళ్లు పొద్దున కాఫీ తాగేటప్పుడు ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడలేదు. శుక్ర, శనివారాలు నది వైపు గది అడగొద్దు. ఆదివారం నుంచి గురువారం దాకా అదే గది సగం ధరకి చూపిస్తోంది. ఆగస్టులో ఈబోర్ గుర్రప్పందాల వారం, నవంబరు, డిసెంబరుల క్రిస్మస్ సంత రోజులు తప్పించండి.

శాకాహారులకి ఒక ముఖ్యమైన మాట. నది పక్క దుకాణాల్లో చిప్స్ చూసి బంగాళాదుంపే కదా అని కొనేయొద్దు. యార్క్‌షైర్‌లో చాలా చేపల కొట్లు వాటిని గొడ్డు కొవ్వులో వేయిస్తాయి. వాసనలో తెలియదు, బోర్డు మీదా ఉండకపోవచ్చు. "బీఫ్ డ్రిప్పింగా, నూనెనా" అని సూటిగా అడగండి, వాళ్లేమీ అనుకోరు. నూనెలో వేయించే చోటు దొరికినా అదే బాణలిలో చేప వేస్తున్నారేమో కూడా కనుక్కోండి. పులిహోర డబ్బా తెచ్చుకుంటే మ్యూజియం గార్డెన్స్ గడ్డి మీద కూర్చుని హాయిగా తినొచ్చు.

చేరడం తేలికే. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి రైల్లో రెండు గంటలు, లీడ్స్ నుంచి అరగంట లోపే. పిల్లలతో వెళ్తే ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డు పెద్దలకి మూడో వంతు, పిల్లలకి 60 శాతం తగ్గిస్తుంది; లండన్ నుంచి ఒక్క ప్రయాణంలోనే కార్డు ఖరీదు తిరిగొస్తుంది. స్టేషన్ నుంచి స్ట్రోలర్‌తోనో చక్రాల కుర్చీతోనో వస్తే లెండల్ మెట్ల జోలికి పోకుండా స్కార్‌బరో రైలు వంతెన పక్కన 2019లో కట్టిన కొత్త నడక వంతెన మీదుగా రండి, ర్యాంపుంది. కారులో వచ్చేవాళ్లు ఊరి బయట ఆరు పార్క్ అండ్ రైడ్ స్థలాల్లో దేంట్లోనైనా ఆపి బస్సెక్కండి, పార్కింగ్ ఉచితం, బస్సు టికెట్ ఒక్కటే ఖర్చు. నదికి దగ్గరని సెయింట్ జార్జ్స్ ఫీల్డ్ పార్కింగ్‌లో కారు పెట్టి, మట్టం చూడకుండా రాత్రి హోటల్లో పడుకోవద్దు. పొంగితే ముందు మునిగేవాటిలో అదొకటి.