గ్లెన్‌ఫార్క్లాస్ 25 ఏళ్లది: సీసా తెరిచి ఏడాది దాటాక

మొదటి పెగ్గుకే తేల్చి చెప్పేసే మాల్ట్ విస్కీ కాదిది. కార్కు తీసిన కొత్తలో చెక్క వగరు, వాల్‌నట్ పొట్టు చేదు, అంతే. సీసాలో పావు వంతు ఖాళీ అయ్యాక గాలి తగిలి విచ్చుకుంది. ఎండు ఖర్జూరం, నల్ల కిస్మిస్, నారింజ తొక్క ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇప్పుడు గ్లాసు ముక్కు దగ్గర పెడితే, అరిసెలకు పాకం పడుతున్న ఇంట్లోకి అడుగుపెట్టినట్టే ఉంటుంది. మింగాక వచ్చే డార్క్ చాక్లెట్ చేదు చాలాసేపు నాలుకను వదలదు.

స్కాట్లండ్‌లోని స్పేసైడ్‌లో, బెన్ రిన్నెస్ కొండ దిగువన ఉంటుందీ డిస్టిలరీ. 1865లో గ్రాంట్ కుటుంబం కొన్నది, ఈరోజుకీ వాళ్లదే. రాగి బట్టీల కింద నేరుగా గ్యాస్ మంట పెడతారు. అడుగంటకుండా లోపల గొలుసులు తిరుగుతూ గీకుతుంటాయి. ఒక దశలో ఆవిరితో కాచి చూసి, సరుకులో ఆ బరువు రాలేదని మళ్లీ మంటకే వచ్చారు. నాకు ఇదే అసలు సంగతి అనిపిస్తుంది. ఆ చిక్కదనం లేకపోతే ఒలొరొసో షెర్రీ (స్పెయిన్ వైన్‌లో ఒక రకం) పీపాలో పాతికేళ్లు ఉన్న సరుకులో చెక్క రుచి తప్ప ఏం మిగులుతుంది? రంగు కూడా పీపాదే, కారమెల్ కలపరు.

సీసా మీద 25 అంటే అందులో కలిసినవాటిలో అన్నిటికన్నా లేతదాని వయసు. అక్కడి చలిలో పీపా నుంచి ఏటా ఆవిరయ్యేది సుమారు 2 శాతం. బెంగళూరు ఎండకు అది 10 శాతం దాటుతుంది. అందుకే అక్కడి విస్కీ కంపెనీ అమృత్ వాళ్ల గ్రీడీ ఏంజెల్స్ 8, 10 ఏళ్లకే అపురూపమైంది. బెంగళూరులో పాతికేళ్లు ఉంచితే పీపాలో దాదాపు ఏమీ మిగలదు.

ఐసు వద్దు, సోడా ఊసే ఎత్తకండి. చాలా మాల్ట్‌లకు రెండు చుక్కల నీళ్లు మేలు చేస్తాయి. దీనికి చేయవు, ఉన్నదే 43 శాతం ఆల్కహాల్, చివర్లో వచ్చే రుచి పలచబడిపోతుంది. గ్లాసులో పోసి ఇరవై నిమిషాలు అలా వదిలేయడమే మంచిది. నా మటుకు నాకు 46 శాతంలో సీసాకెత్తి ఉంటే ఇంకా నచ్చేది.

సీసాను నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే కార్కు పాడవుతుంది. మూడో వంతు మిగిలాక ముందుగా తగ్గేది నారింజ వాసన. ఆ దశలో చిన్న సీసాలోకి నిండుగా మార్చి పెట్టాను. ఖర్జూరం, చాక్లెట్ చెక్కుచెదరలేదు.

ఇంత డబ్బు పెట్టేముందు వీళ్లదే 15 ఏళ్లది రుచి చూడండి. అది 46 శాతం, ధర చాలా తక్కువ. ఆ షెర్రీ తీపి మీకు పడకపోతే 25 ఏళ్లదీ పడదు.