ఆర్టీఓనా, ప్లానింగ్ చదువా, ఆర్టీసీ ట్రాఫిక్ విభాగమా: ఏది మేలు?

గుంటూరు, తెనాలి వైపు ఇంజనీరింగ్ పూర్తిచేసిన పిల్లలు నన్ను పదేపదే అడిగేది ఒకటే. “సార్, బస్సులు, రూట్లు, పర్మిట్లు, ఈ పనిలోనే ఉండాలని ఉంది. ఎటు వెళ్తే మంచిది?” విజయవాడలో ఏళ్ల తరబడి, బస్సుల వేళలు, ట్రిప్పులు చూసే ఆర్టీసీ ట్రాఫిక్ విభాగంలో పనిచేసినవాణ్ని, నా మొగ్గు ఎటో మీకు తెలిసిపోతూనే ఉంటుంది.

రవాణా శాఖలోకి ఏఎంవీఐ (అసిస్టెంట్ మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్)గానో, గ్రూప్-1 రాసి ఆర్టీఓగానో వెళ్లొచ్చు. చేతిలో 1988 మోటారు వాహనాల చట్టం ఉంటుంది. దారిలో స్టేజీ స్టేజీకి జనాన్ని ఎక్కించుకునే బస్సుకు ఒక పర్మిట్, బండి మొత్తం మాట్లాడుకుని పోయే బస్సుకు మరొకటి. ఆ తేడాను రోడ్డు మీద నిలబెట్టేదీ, బ్రేకులు పడని బండిని ఆపేదీ వీళ్లే. ప్రాణాలు కాపాడే ఉద్యోగం. కానీ నడవకూడని బస్సును ఆపగలరు గానీ, బస్సు లేని ఊరికి తెల్లారేసరికి ఒక బస్సు వేయలేరు.

రెండోది విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో ప్లానింగ్ పీజీ. పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో స్కోరు కావాలి. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నారో సర్వే చేయడం, పదేళ్ల తర్వాతి రద్దీని అంచనా వేయడం అక్కడ బాగా నేర్పుతారు. అయితే సత్యనారాయణపురం మీదుగా పోయే మన బీఆర్‌టీఎస్ రోడ్డునే చూడండి. బస్సుల కోసమని మధ్యలో విడిగా దారి కట్టారు. రోడ్డు మిగిలింది, ఆ బస్సులు నిలబడలేదు. తప్పంతా ప్లాను గీసినవాళ్లదేనని అనను. గీసిన తర్వాత వాళ్ల చేతిలో ఏమీ ఉండదు, అదే నా బాధ.

నా దృష్టిలో అసలు తేల్చేది ఇదే: టైమ్‌టేబుల్ ఎవరి చేతిలో ఉంది? అది మా ట్రాఫిక్ విభాగం చేతిలో ఉంటుంది.

కొన్నేళ్ల క్రితం కంకిపాడు వైపు వెళ్లే ఒక ఆఖరి బస్సు రాత్రి 9:15కి బయల్దేరేది. బీసెంట్ రోడ్డు బట్టల షాపుల్లో 9:30కి గానీ షట్టర్ దించరు. అక్కడ పనిచేసే ఒకమ్మాయి వచ్చి, “అరగంట ఆపండి సార్, చాలు. రోజూ ఆటోలో భయపడుతూ పోతున్నాం” అంది. అరగంటే కదా అనిపిస్తుంది. కానీ అప్పట్లో అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం డ్రైవరుకు రోజుకు 8 గంటల పని, విశ్రాంతితో కలిపి 12 గంటలు మించకూడదని ఉండేది. ఆ డ్యూటీ అప్పటికే అంచున ఉంది. రాత్రి అరగంట జరిపితే పొద్దున అరగంట జరపాలి, అప్పుడు కాలేజీ పిల్లల ట్రిప్పు పోతుంది. రెండు రాత్రులు షెడ్యూలు చార్టు ముందేసుకుని కూర్చుని, ఆ ట్రిప్పును ఇంకో బస్సుకు కలిపాను. తర్వాతి సోమవారం 9:45కి బస్సు కదిలింది. నేనూ అందులోనే వెళ్లాను. ఆ అమ్మాయి డ్రైవరు వెనక సీట్లో టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, కంకిపాడు వచ్చేదాకా నిద్రపోయింది.

2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఇలాంటి అవసరాలు ఇంకా పెరిగాయి. ఆదాయం లెక్క ఒక్కటే చూసి సర్వీసు తీసేసే రోజులు కావివి.

మెట్రో, కన్సల్టెన్సీలు కూడా ఉన్నాయి. జీతం కోసం అయితే చూసుకోవచ్చు.

ఆర్టీసీతో చిక్కు నోటిఫికేషన్లే. 2020 జనవరి 1 నుంచి సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు గానీ, ఈ విభాగంలోకి నేరుగా తీసుకోవడం అరుదు. అందుకని దాని కోసం ఖాళీగా కూర్చోవద్దు. గేట్ స్కోరుంటే ప్లానింగ్‌లో చేరండి, థీసిస్ మాత్రం ఒక డిపో షెడ్యూలు మీదే చేయండి. కాలేజీ నుంచి ఉత్తరం పట్టుకెళ్లి డిపో మేనేజరును అడగండి, చార్టు ఎలా చదవాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ప్రతి డిపోలో ఒకరైనా ఉంటారు.