థాచర్: జనం చూసిన మనిషి, దగ్గరివాళ్లు చూసిన మనిషి

మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ పేరెత్తితే బ్రిటన్‌లో ఇప్పటికీ రెండు వర్గాలే. 1976లో సోవియట్ సైనిక పత్రిక పెట్టిన ‘ఉక్కు మహిళ’ అనే పేరును ఆమే సొంతం చేసుకుంది, బొగ్గు గనుల మూసివేతకు వ్యతిరేకంగా జరిగిన 1984-85 గని కార్మికుల సమ్మెలో మెట్టు దిగలేదు, ఆ కోపం గనుల ఊళ్లలో ఎంతగా మిగిలిపోయిందంటే 2013లో ఆమె పోయినప్పుడు కొన్నిచోట్ల వీధుల్లోకొచ్చి సంబరాలు చేసుకున్నారు.

దగ్గరగా చూసినవాళ్లు చెప్పే మనిషి వేరు. పని పొద్దుపోతే ప్రధాని నివాసమైన డౌనింగ్ స్ట్రీట్ పై ఫ్లాట్‌లో సహాయకులకు తనే వండి పెట్టేది. 1979లో ఆ ఫ్లాట్ ఖర్చుల జాబితాలో 19 పౌండ్ల ఇస్త్రీ బల్ల కనిపిస్తే, దాని డబ్బు నేనే కడతానని ఆ కాగితం మీదే రాసింది. 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధంలో అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలకు స్వయంగా ఉత్తరాలు రాసింది.

పైకి కనిపించింది నటన, లోపలిదే అసలు అనుకోవడం నాకు తప్పనిపిస్తుంది. ఇంట్లో పైసా పైసా లెక్క చూసే ఆ పట్టుదలే (కిరాణా వ్యాపారి కూతురు కదా) బయట ప్రభుత్వ ఖర్చుల మీద కత్తెరైంది. అయితే ఓటు దగ్గరకొస్తే నేను తూచేది మొదటి మనిషినే. ఆమె చేతి భోజనం తిన్నది పదిమంది సహాయకులు, ఆమె నిర్ణయాలతో బతుకు మారిపోయింది ఊళ్లకు ఊళ్లు.